ఒకే పడుగున రెండు వేగాలు

కంప్యూటర్ మూత విప్పితే లోపల జానెడుకు తక్కువ పొడవున పచ్చటి పట్టీ ఒకటి నిలబడి ఉంటుంది. దాన్ని ర్యామ్ అంటారు. నేను ఒక ర్యామ్‌ను. కంప్యూటర్ చేస్తున్న పని పూర్తయ్యేదాకా చేతిలో పట్టుకుని ఉండటమే నా ఉద్యోగం. కరెంటు పోతే ఆ పనంతా మరిచిపోతాను. అలాంటి నాకు మెమరీ అని పేరు పెట్టిన మనుషుల ధైర్యాన్ని మెచ్చుకోవాలి.

ఏ దేశంలో పుట్టానో పెట్టె మీద రాశారట. ధర్మవరంలో మస్తాన్ రిపేరు షాపు గాజు అరలో నాలుగు నెలలు కూర్చున్నాక చౌడప్ప చేతికి వచ్చాను.

చౌడప్ప ఒకప్పుడు పట్టుచీరలు నేసినవాడు. నడుము పట్టేసి మగ్గం దిగాక చీరల డిజైన్లు కంప్యూటర్లో చుక్కచుక్కగా గీసేవాడు. ఆ చుక్కల ప్రకారం అట్టలకు చిల్లులు కొడితే మగ్గం మీద పువ్వులు పడతాయి. ఆయన అన్న ఓబులేసు పోయి మూడేళ్ళయింది. ఆ అన్న సొంతంగా కట్టిన డిజైన్లలో మిగిలింది ఒక్కటే, వదిన రమణమ్మ పెళ్ళిచీర మీది నెమలీ హంసల కొంగు. అదీ మడతల దగ్గర చిట్లిపోతోంది. మళ్ళీ అట్లాంటిదే నేయిస్తానని చౌడప్ప అడిగితే ఆమె బీరువాలోంచి తీసి ఇచ్చింది.

లోపల పోగులు ఎట్లా కట్టాడో పైనుంచి చూస్తే తెలియదు. అందుకని చౌడప్ప ఒక్కో పేక పోగు ఊడదీస్తూ, లెక్కపెడుతూ, తెర మీద చుక్కలు పెడుతూ పోయాడు. ఊడిన పోగు మళ్ళీ ఎక్కదు. చీర తరిగేకొద్దీ ఫైలు పెరిగింది, ఫైలు పెరిగేకొద్దీ కంప్యూటర్ మూలిగింది. అందుకే నన్ను కొన్నాడు.

లోపల అప్పటికే ఒక పాత ర్యామ్ ఉంది. దానికన్నా నాకు వేగం ఎక్కువ. అలాంటి ఇద్దరం కలిస్తే నేనే దాని నడకకు తగ్గాలి, మాలో అదే పద్ధతి. మస్తాన్ కూడా అదే చెప్పాడు.

"రెండిటికీ స్పీడు వేరేన్నా. కొత్తది కూడా పాతదాని మాదిరే మెల్లగ పోతాది."

"రెండూ ఎనిమిది జీబీలే గదప్పా. మెల్లగ పోయేదానికా నేను తెచ్చుకునింది? కొత్తదాని స్పీడే పెట్టు."

"పెట్టొచ్చు. పాతది తట్టుకోలేదేమోన్నా."

"పెట్టప్పా. నాకు అర్జెంటుండాది."

ఒకే పడుగులో రెండు రకాల పోగు ఎక్కిస్తే గుడ్డ ముడుచుకుపోతుందని కుర్ర నేతగాళ్ళను జీవితమంతా తిట్టిన మనిషి ఆయన. ఇక్కడ మాత్రం వేగం సంగతి వదిలేసి, పట్టే సైజు ఎనిమిదీ ఎనిమిదీ చూసుకుని సంబరపడ్డాడు. అప్పుడు నాకు నవ్వొచ్చింది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మొదటి వారం తెర చకచకా కదిలింది. తర్వాత పాతది పరుగెత్తలేక అక్కడొక చుక్క, ఇక్కడొక చుక్క తప్పు చెప్పసాగింది. నాకు తెలుసు, కానీ నోరు లేదు. చౌడప్ప రోజూ సాయంత్రం పాత ఫైలు మీదే కొత్తది సేవ్ చేసేవాడు. పెన్‌డ్రైవ్‌లోనూ అంతే. ఒక చీరకు ఒకే అట్టల కట్ట ఉండాలి, రెండుంటే మగ్గం దగ్గర తారుమారవుతాయన్నది ఆయన పాత అలవాటు.

కొంగు ఆఖరి పోగు ఊడిన రోజు మధ్యాహ్నం ఫైలు తెరుచుకోలేదు. మస్తాన్ వచ్చి రెండు రోజులు తంటాలు పడి తెరిచాడు. నెమలికి మెడ లేదు. హంసల బారు చెదిరిపోయింది. ఏ చుక్క ఓబులేసుదో, ఏది మేం చేసిన తప్పో తేల్చేవాళ్ళు లేరు. సరిచూసుకుందామంటే కొంగు లేదు.

మస్తాన్ మా ఇద్దరినీ ఊడదీసి బల్ల మీద పెట్టాడు. నన్ను ఒక్కదాన్నే పరీక్షించి, బాగానే ఉందన్నాడు. మళ్ళీ ఎవరూ నన్ను ఎక్కించలేదు. పట్టుకున్న చుక్కలన్నీ మరిచిపోయాను గానీ, ఆ బల్ల మీది నుంచే రమణమ్మ రావడం చూశాను.

చౌడప్ప లేచి నిలబడ్డాడు. పోగుల ఉండను పళ్ళెంలో పెట్టి ఆమె ముందుంచాడు.

"పోయిందొదినా. నేనే పోగొట్టినా."

ఆమె కోప్పడలేదు. పట్టుపోగులను వేళ్ళతో మెల్లగా విడదీసి చూసింది.

"ఇందులో నెమలి యాడుండాది చౌడప్పా?"

ఆమె నిజంగానే అడిగింది. ఆయన వేలు పెట్టి చూపిస్తాడేమోనని పొద్దు వాలేదాకా కూర్చుంది.