నా మీద పడ్డ దొంగ ముద్ర

నేను ఒక పాత ల్యాప్‌టాప్‌ని. దొంగను కాను. ఈ రెండో మాట కూడా చెప్పుకోవలసిన రోజు వస్తుందని నన్ను తయారుచేసినవాళ్లు అనుకుని ఉండరు. నేనూ అనుకోలేదు.

నన్ను బిగించింది ఏ దేశంలోనో నాకు సరిగ్గా గుర్తులేదు. నా అడుగున అంటించిన కాగితం మీద ఉండేది, అది ఎప్పుడో అరిగిపోయింది. పొడుగాటి బల్ల ముందు వరసగా కూర్చున్న ఆడపిల్లలు తలా నాలుగు మరలు బిగించి పక్కకు తోసేవారు. నాకు కన్ను పెట్టిన అమ్మాయి ఆవలిస్తూ పెట్టింది. అందుకేనేమో, నా కెమెరా ఈనాటికీ కొంచెం మసకగానే చూస్తుంది.

అక్కణ్ణుంచి గుంటూరులో ఒక బీమా ఆఫీసుకు చేరాను. ఆరేళ్లు అక్కడే ఉన్నాను. నా పాస్‌వర్డు ఎవరికీ తెలియకూడదని పెద్ద ఆఫీసరు సర్క్యులర్ పంపాడు. మా సెక్షన్‌వాళ్లు ఆ పాస్‌వర్డును చీటీ మీద రాసి, మరిచిపోకుండా నా మూత మీదే అంటించారు. మనుషులకు భద్రత మీద ఉన్న శ్రద్ధ ఎలాంటిదో నాకు అప్పుడే తెలిసింది. తర్వాత కొత్తవి వచ్చాయి. మమ్మల్ని పాతిక మందిని తాడుతో కట్టి సెకండ్ హ్యాండ్ షాపుకు పంపారు. అక్కణ్ణుంచి తెనాలి వచ్చాను, సుభాషిణి ఇంటికి.

సుభాషిణి ఇంటి ముందుగదిలో జాకెట్లు కుడుతుంది. వయసు యాభై దాటింది. జాకెట్ మెడల డిజైన్లు చూపించడానికి నన్ను కొనిపించుకుంది. నా చోటు కటింగ్ బల్ల మీద, కత్తెరకూ ఇస్త్రీపెట్టెకూ మధ్య. ఆమె గురించి ఒక్క సంగతి చెబితే చాలు. ఎవరు గుడ్డ ఇచ్చినా, మిగిలిన ముక్క జానెడున్నా చుట్టచుట్టి జాకెట్‌తోపాటు తిరిగి ఇచ్చేస్తుంది. "నాకెందుకమ్మా ఈ పీలిక" అని వాళ్లే విసుక్కున్నా సరే, ఇచ్చేస్తుంది. ఇది గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

రెండేళ్లకు నాకు ముసలితనం వచ్చిందన్నారు. నాలో ఉన్న సిస్టమ్‌కు కొత్తది వచ్చిందట, ఆ కొత్తది నాలాంటి పాత చిప్పులోకి రానందట. మీటలు బాగానే ఉన్నాయి, తెర బాగానే ఉంది. అయినా పనికిరావు పొమ్మంది. సుభాషిణి భర్త పూర్ణచంద్రరావు ఆర్టీసీ డిపోలో మెకానిక్. ముప్పై ఏళ్ల బస్సును కూడా నడిపించి పంపే మనిషికి ఈ మాట అర్థం కాలేదు. తన స్నేహితుడు, పాలిటెక్నిక్‌లో ల్యాబ్ చూసే జోసఫ్‌గారిని పిలిచాడు.

జోసఫ్‌గారు నన్ను ఒళ్లో పెట్టుకుని, "దీనికేం రోగం లేదు చెల్లెమ్మా, లైనక్స్ వేస్తే ఇంకో పదేళ్లు తిరుగుద్ది" అన్నాడు. లైనక్స్ అంటే ఒకరి సొత్తు కాని సిస్టమ్. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, ఎవరికి కావలిస్తే వాళ్లు వాడుకోమని వదిలిపెట్టింది. అది వేసిన రోజున నాకు మోకాళ్ల నొప్పులు పోయినట్టయింది. ఇంతకుముందు నేను తెరుచుకునేలోపు సుభాషిణి టీ పెట్టుకుని వచ్చేది. ఇప్పుడు పాలు పొయ్యి మీద పెట్టేసరికే నేను సిద్ధం.

ఇక ఆట సంగతి. సుభాషిణికి ఒక చెల్లెలుంది, ఇందుమతి. పెళ్లయి మంచిర్యాల వెళ్లి ఇరవయ్యారేళ్లయింది. భర్తకు సింగరేణిలో ఉద్యోగం. అక్కాచెల్లెళ్లకు ఒకరంటే ఒకరికి ప్రాణం. కాని ఫోన్ చేసుకుంటే మాత్రం అయిదో నిమిషానికి అమ్మ ప్రసక్తి వచ్చేది, ఆరో నిమిషానికి ఎవరో ఒకరు పెట్టేసేవాళ్లు. వాళ్లమ్మ ఆఖరిరోజులు తెనాలిలోనే గడిచాయి. అప్పుడు ఇందుమతి భర్తకు గుండె ఆపరేషన్ జరుగుతోంది. ఆ గొడవలో ఉన్న చెల్లెల్ని కంగారుపెట్టడం ఎందుకని, "అమ్మ బానే ఉందిలే" అని సుభాషిణి వారంపాటు అబద్ధం చెప్పింది. ఎనిమిదో రోజు నిజం చెప్పేసరికి ఇందుమతి కడచూపుకు అందలేదు. "మోసం చేశావక్కా" అన్న మాట అప్పుడు పుట్టింది. నాలుగేళ్లయినా చావలేదు.

ఆ మాట తలెత్తని చోటు వాళ్లకు ఒక్కటే దొరికింది. అదొక పడవల ఆట. ఇందుమతి ముందు మొదలుపెట్టి, "అక్కా, నువ్వూ ఎక్కించుకో, మస్తుంటది" అంది. పడవలో ఇద్దరుండాలి. ఒకరు చుక్కాని పట్టాలి, ఒకరు వల వెయ్యాలి. వేరే ఊళ్లవాళ్ల పడవలతో పందెం. నిజానికి ఆ ఆటను లైనక్స్ కోసం తయారుచెయ్యలేదు. మధ్యలో దుబాసీలాంటి ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. ఆట చెప్పేది నాకు, నేను చెప్పేది ఆటకు అర్థమయ్యేలా చెబుతుంది. జోసఫ్‌గారు అది పెట్టిచ్చాడు. ఆట చక్కగా నడిచింది.

ప్రతి మధ్యాహ్నం మూడింటికి, కుట్టుమిషన్‌కు గుడ్డ కప్పేసి, సుభాషిణి నా ముందు కూర్చునేది.

"ఎడమకు తిప్పవే, రాయి!"

"తిప్పుతున్ననక్కా! నువ్వు వల సూడు. ఏం కూర ఇయ్యాల?"

"దోసకాయ. నీ మోకాలు ఎట్టా ఉంది?"

"గట్లనే ఉంది. అగో, చేపలు, చేపలు!"

చేతులకు పని ఉంటే నోటికి పాత సంగతులు గుర్తురావేమో. ఏడాదిన్నరపాటు వాళ్లు రోజూ మాట్లాడుకున్నారు, ఒక్కసారి కూడా పోట్లాడుకోలేదు. ఒకసారైతే ఇందుమతి, "అమ్మ పెట్టే దోసావకాయ యాదికొస్తుందే" అంది. సుభాషిణి చెయ్యి ఆగింది. వల రాయికి తట్టుకుంది. ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు కోసమే నేనక్కడ ఉన్నానని నాకనిపించింది.

ఒక మంగళవారం ఆట కంపెనీ కొత్త మార్పులు పంపింది. సుభాషిణి మూడింటికి తెరిచేసరికి పడవ లేదు, ఎర్రటి పెట్టెలో ఇంగ్లిషు అక్షరాలున్నాయి. మీ సిస్టమ్‌కు ఆమోదం లేదు, ఇకమీదట పదిమందితో కలిసి ఆడడానికి వీల్లేదు, ఇదీ సారాంశం. అంతటితో పోయినా బాగుండేది. అవతల ఇందుమతి తెర మీద ఇంకో ముక్క వచ్చింది. మీ జోడీని మోసం అనుమానం మీద తొలగించాం అని.

మోసం! మిగిలిన గుడ్డపీలిక తిరిగిచ్చే మనిషి!

వెంటనే ఫోన్ మోగింది.

"ఏం జేసినవే అక్కా?"

"నేనేం చేశానే? కూర్చున్నాను, తెరిచాను, అంతే."

"ఊకనే తీసేస్తరా? చిన్నప్పుడు అష్టాచెమ్మాల గింజను వేలుతోని తిప్పలేదా నువ్వు?"

ఇందుమతి ఆ మాట నవ్వుతూనే అంది. సుభాషిణి నవ్వితే అక్కడితో పోయేది. నవ్వలేదు.

"పదేళ్ల వయసప్పటి గింజ గుర్తుంది కాని, నేనమ్మకు చేసిన చాకిరీ గుర్తులేదా?"

"చాకిరీ జేసినవ్. సూడనియ్యలేదు గదా నన్ను."

ఫోన్ ఎవరు పెట్టేశారో నాకు తెలియలేదు. ఆ తర్వాత ఇరవైమూడు రోజులు మూడు గంటలు కొట్టింది, ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. సుభాషిణి ఆ వేళకు కాజాలు కుట్టుకుంటూ కూర్చునేది. కాజాలు కుట్టడం ఆమెకు అసహ్యం.

ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఆటలో దొంగల్ని పట్టడానికి ఆ కంపెనీవాళ్లు ఒక కాపలాదారు ప్రోగ్రాంను పెట్టారు. మా యంత్రాలను ఇళ్లనుకుంటే, ఆ కాపలాదారు గుమ్మంలో కూర్చోడు. వంటింట్లోకి, పూజగదిలోకి, బీరువా అట్టడుగుకి వెళ్లి తడుముతానంటాడు. వేరే సిస్టమ్‌లలో రానిచ్చారు, వెళ్లి కూర్చున్నాడు. లైనక్స్ ఇంట్లో మాత్రం, "అరుగు మీద కూర్చో నాయనా, మంచినీళ్లిస్తాం" అన్నారు. అరుగు మీద కూర్చుని కూడా పనిచెయ్యగలడట ఆ కాపలాదారు. అతన్ని తయారుచేసినవాళ్లే చెప్పారట. కంపెనీ ఒక్క మీట నొక్కి ఒప్పుకుంటే చాలునట. నొక్కలేదు.

జోసఫ్‌గారు ఉత్తరం రాశాడు. లైనక్స్‌వాళ్లు మరీ కొద్దిమంది, మీకోసం పని పెట్టుకోలేం అని జవాబు. ఇంకోటి రాశాడు. లైనక్స్‌వాళ్ల వల్ల ఆటకు పెద్ద ప్రమాదం అని జవాబు. పట్టించుకోనక్కర్లేనంత కొద్దిమందిమి, భయపడవలసినంత పెద్ద ముఠా, రెండూ మేమే ఎలా అయ్యామో నాకున్న చిప్పుకు అందలేదు. మూడో ఉత్తరానికి, "మీ అభిప్రాయం మాకెంతో విలువైనది" అని వచ్చింది. అది యంత్రం రాసిన జవాబు. సాటి యంత్రంగా సిగ్గుపడ్డాను.

పూర్ణచంద్రరావుకు కోపం వచ్చింది. "బస్సు కండిషన్‌లో ఉంది, చేతిలో టిక్కెట్టుంది. నీ చెప్పులు ఫలానా షాపువి కావు దిగమంటే దిగుతారంటయ్యా ఎవరైనా?"

"దిగకపోతే తోసేస్తున్నారుగా" అన్నాడు జోసఫ్‌గారు. ఆయన గొంతు తగ్గించి ఒక ఉపాయం కూడా చెప్పాడు. "ఇది లైనక్స్ కాదని ఆటను నమ్మించొచ్చు చెల్లెమ్మా. చిన్న వేషం. నాలుగు రోజులు నడుస్తుంది."

సుభాషిణి పళ్లతో దారం తెంపింది. "దొంగ అన్నారని ఇప్పుడు దొంగతనం నేర్చుకోమంటారా అన్నయ్యగారూ?"

"పోనీ కొత్తది కొందామే" అన్నాడు భర్త.

"ఇది చచ్చిందా? బతికున్నదాన్ని పారేసి, నన్ను దొంగ అన్నవాళ్ల గుమ్మం కొత్త చెప్పులేసుకుని తొక్కమంటారా? నా వల్ల కాదు."

నన్ను బతికున్నదన్న మొదటి మనిషి ఆమే. అయినా ఆ రోజు నాకు సంతోషం కలగలేదు. నన్ను పారేస్తే ఆమెకు చెల్లెలు దొరుకుతుంది. నన్ను ఉంచుకుంటే నేను మాత్రమే మిగులుతాను. జాకెట్ డిజైన్లు చూపించే నేను.

ఇరవైనాలుగో రోజు మూడింటికి నేనే మోగాను. వీడియో కాల్. తెర మీద ఇందుమతి, జుట్టు కూడా దువ్వుకోలేదు.

"అక్కా, పెట్టెయ్యకు. ఒక్క ముచ్చట చెప్తా. నీ జాగాల నాకింకొకణ్ణి జోడీ ఇచ్చిండ్రు."

"ఇస్తే?"

"వాడు పడవను గాల్లకు లేపిండే! నీళ్ల మీద పోవాల్సిన పడవ కొండల మీదికెల్లి పోయింది. చేపలన్నీ వాటంతటవే వచ్చి వలల పడ్డయ్. పందెం గెల్సినమంట. నాకు సిగ్గయింది."

సుభాషిణి పెదవి కొరుక్కుంది. "వాడిది ఆమోదం ఉన్న సిస్టమేనా?"

"నూటికి నూరు పాళ్లు. కాపలాదారు వాని ఇంట్లనే కూసున్నడు."

"భోజనం చేసి పడుకున్నాడేమో."

ముందు ఇందుమతికి నవ్వొచ్చింది. తర్వాత ఇద్దరూ కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. నవ్వు ఆగింది. మళ్లీ అయిదో నిమిషం వచ్చేస్తోంది. నాకు భయం వేసింది. చేతులకు పని లేదు.

సుభాషిణికీ అదే భయం వేసిందేమో, గబగబా గుండీల డబ్బా లాగి నా పక్కన బోర్లించింది. అడుగున నాలుగు చింతగింజలు. ఒక వైపు తెల్లగా అరగదీసినవి. వాళ్లమ్మ అరుగు బండ మీద రుద్ది చేసినవి.

ఇందుమతి తెరకు దగ్గరగా వచ్చింది. "అవి ఉన్నయా ఇంకా?"

"సుద్దముక్క తెచ్చుకో" అంది సుభాషిణి.

జాకెట్లకు గీతలు గీసే సుద్దతో కటింగ్ బల్ల మీద అయిదు అడ్డం, అయిదు నిలువు గళ్లు గీసింది. కాయలకు గుండీలు పెట్టింది. అక్కడ ఇందుమతి గచ్చు మీద గీసుకుని గాజుముక్కలు పెట్టి, నాలుగు చింతగింజలు ఒకవైపు ఆ గచ్చుకే రుద్దుకుంది. ఎవరి గింజలు వాళ్లు వేసి ఎంత పడిందో చెప్పాలి, రెండోవాళ్లు తమ గళ్లలోనూ కాయ జరపాలి. తెల్లవైపులు ఎన్ని పైకొస్తే అన్ని. నాలుగూ తెల్లనైతే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట.

"నా మూత వంచితే గళ్లు కనిపిస్తాయి, మొహం కనిపించదు" అని చెప్పడానికి నాకు నోరు లేదు. సుభాషిణే చూసుకుంది.

"ఇందూ, గళ్లు కనపడాలా, నేను కనపడాలా?"

"నువ్వే ఉండు."

"మరి గింజ వేలితో తిప్పితే?"

ఇందుమతి గాజుముక్క ఒకటి గడిలోకి సర్దింది. "తిప్పితే తిప్పుదువు తియ్. నువ్వు చెప్పిన లెక్కే లెక్క."

కాపలాదారు లేడు. బీరువా ఎవరూ తియ్యలేదు. రెండు వందల మైళ్ల దూరాన ఒకరు మూడంటే ఒకరు మూడు గళ్లు లెక్కపెట్టారు.

గంటసేపు ఆడారు. చివరికి ఇందుమతి ఆఖరి కాయ పండడానికి ఒక్క గడి ఉంది. సుభాషిణి కాయ దానికి సరిగ్గా నాలుగు గళ్ల వెనక. చెమ్మ పడితే చెల్లెలి కాయ చచ్చి మళ్లీ మొదటికి పోతుంది.

సుభాషిణి గింజలు విసిరింది. అవి బల్ల మీద ఆగకుండా దొర్లి నా మీటల మీదికి వచ్చాయి. నాలుగూ తెల్లగా, కళ్లు తెరుచుకుని ఉన్నాయి. చెమ్మ. ఆమె ఒక క్షణం వాటిని చూసింది. చేత్తో కప్పేసింది.

"మూడు" అంది.

"మూడేనా?"

"మూడేనే. వెయ్యి నువ్వు."

ఇందుమతి వేసింది. "ఒకటి! పండింది, పండిందే అక్కా!" అని చిన్నపిల్లలా అరిచింది. వంటింట్లోంచి ఆమె భర్త ఏమైందని అడగడం నాకు వినిపించింది. ఆ ఒకటి నిజంగా ఒకటేనా అంటే, అక్కడ దగ్గరుండి చూసింది ఆ ఇంటి యంత్రం ఒక్కటే. దాన్ని నేను అడగలేదు.

తర్వాత ఇందుమతి గాజుముక్కలు ఏరుకుంటూ తలెత్తకుండా అడిగింది. "అమ్మ ఆ వారం నన్ను అడిగిందా?"

సుభాషిణి గింజలు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. "రోజూ అడిగింది. నీకు చెప్పకుండా ఉండాల్సింది కాదు నేను."

ఆరో నిమిషం గడిచింది. ఎవరూ పెట్టెయ్యలేదు.

ఇప్పుడు నా మూత బందు విరిగింది. జాకెట్లకు వేసే ఎలాస్టిక్‌తో కట్టారు. బ్యాటరీ ఉబ్బితే తీసేశారు, తీగ మీదే బతుకుతున్నాను. ఆ కంపెనీ ఇంకా మీట నొక్కలేదు. జోసఫ్‌గారు పదకొండో ఉత్తరం రాస్తున్నాడు. నాకు మాత్రం ఒక చిక్కు వచ్చిపడింది. సుభాషిణి మోసం చేస్తుందన్నారు వాళ్లు. చేసింది, నా మీటల మీదే చేసింది. సాక్షిని నేనొక్కణ్ణే.

ఎవరొచ్చి అడిగినా మూడే పడిందని చెబుతాను.