లేని పెద్దాయనకు పెట్టిన అన్నం

నేను ఒక ముద్రను. చూపుడు వేలంత చెక్క ముక్కను, అంతే. అయినా తక్కువగా చూడకండి. మా కొరియాలో ఇచ్చిన మాటైనా మార్చుకోవచ్చు గాని, సంతకానికి బదులు నన్ను ఎర్ర సిరాలో అద్ది కాగితం మీద వేశాక మార్చుకోవడానికి లేదు.

పిడుగు పడిన రేగుచెట్టు చెక్కతో నన్ను చేశారు. అలాంటి చెక్క కీడును దగ్గరికి రానివ్వదని మావాళ్ళ నమ్మకం. పిడుగు పడింది చెట్టు మీద, పేరొచ్చింది నాకు! కళ్ళజోడు జారిపోతున్న ఓ ముసలి పనివాడు నా ముఖాన 'మేంగ్ ఓక్‌బున్' అని చెక్కాడు. మేంగ్ ఇంటిపేరు, ఓక్‌బున్ ఆ ఇంటి ఆడపిల్ల. పెద్దదైందని వాళ్ళ నాన్న నన్ను కొని ఆమె చేతిలో పెట్టి, "ఊరికే వెయ్యకు" అన్నాడు.

భర్త పోయాక ఓక్‌బున్ పెనుకొండ చేరింది. అక్కడి కార్ల ఫ్యాక్టరీకి వచ్చిన కొరియావాళ్ళ కోసం చిన్న హోటల్ పెట్టి, నన్ను గరిటెల సొరుగులో పడేసింది. కొంచెం చిన్నతనమే అనిపించింది. వంటకు తోడుగా ఓబులమ్మ కుదిరింది. ఒకరి భాష ఒకరికి సగమే వచ్చు, అయినా పొద్దస్తమానం మాట్లాడుకుంటూనే ఉంటారు.

ఒకనాడు ఓక్‌బున్ ఫోనుకు ఎవరో వకీలు నుంచి కొరియా భాషలో సందేశం వచ్చింది. పరాయి దేశంలో మేంగ్ ఇంటి పెద్దాయనొకడు పిల్లలు లేకుండా పోయాడట, భార్య ముందే పోయిందట. ఆస్తంతా అదే ఇంటిపేరున్న ఓక్‌బున్‌కే వస్తుందట. ముందుగా పన్నులూ ఖర్చులూ పంపి, కాగితం మీద ముద్ర వేసి ఫొటో పెడితే చాలట. అరచేతిలో వైకుంఠం! ఆ ఖర్చులకు హోటల్ బాడుగ కోసం ఆమె దాచిందంతా ఊడ్చి పెట్టాలి. అది పోతే హోటల్ మూతే.

ఆశపడిందంటారా? అసలు లేదనను. కాని మాలో మేంగ్‌లు కొద్దిమందే, అందరిదీ ఒకే వంశం. మీ తద్దినం లాంటిది మాకూ ఉంది. పిల్లల్లేని ఆ మనిషికి ఏటా అన్నం ఎవరు పెడతారన్న దిగులు ఆమెను పట్టుకుంది.

"ఆస్తి ఇచ్చేటోడు ముందే దుడ్లు అడుగుతాడా అక్కా? వచ్చేదాంట్లో పట్టుకోమను" అంది ఓబులమ్మ. ఓక్‌బున్ అదే రాసింది. రూలు ఒప్పుకోదని, సాయంత్రంలోగా పంపకపోతే సర్కారు పాలేనని, ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని జవాబొచ్చింది.

ముందు పెద్దాయనకు అన్నం, తర్వాత ముద్ర అనుకుంది ఓక్‌బున్. అన్నం, చేప, పళ్ళు సర్దింది. సిరా డబ్బా మూత తీసి నన్ను పక్కన పెట్టింది. నాకు గుండె లేదు కాబట్టి సరిపోయింది! పోయిన దంపతుల పేర్లు కాగితం మీద రాసి నిలబెట్టడం మా ఆచారం. అందుకని భార్య ఇంటిపేరేమిటని వకీలును అడిగింది. "మేంగ్" అని వచ్చింది. పొరపాటేమోనని ఈసారి పుట్టింటి పేరు అడిగింది. పుట్టింటి పేరూ మేంగే, కాగితాల్లో చూసే చెబుతున్నానని విసుక్కున్నాడు.

మా ఆడవాళ్ళకు పెళ్ళయినా ఇంటిపేరు మారదని పాపం వాడికి తెలియదు, మొగుడి పేరే అంటించి దాన్నే పట్టుకు వేలాడాడు.

ఓక్‌బున్ కలం ఆగిపోయింది. "తప్పు ఓబులమ్మా. మేంగ్ అబ్బాయి, మేంగ్ అమ్మాయి... పెళ్ళి లేదు. ఎప్పుడూ లేదు."

"అంటే అన్నకు చెల్లెల్ని కట్టబెట్టినాడా! వాని నోట్లో మన్ను బొయ్య! వాడు వకీలు కాదక్కా, దొంగసచ్చినోడు."

ఓక్‌బున్ సిరా డబ్బా మూసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆమె మాత్రం కూలబడి ఏడ్చింది.

"దుడ్లు మిగిల్నాయి కదక్కా, యాల ఏడుస్తావు?"

"మా మనిషి ఒకడున్నాడు అనుకున్నా."

ఓబులమ్మ ఆమె పక్కనే చతికిలబడింది. తర్వాత చేప పళ్ళెం ముందుకు జరిపింది. "ఆయప్ప లేడు గానీ అన్నముంది. తిను."

ఆ తర్వాత నన్ను ఒక్కసారే బయటికి తీశారు. ఆస్తి ఇస్తామంటూ ముందు డబ్బు అడిగేవాడు, ఎవరికీ చెప్పొద్దనేవాడు దొంగేనని ఓక్‌బున్ కొరియా భాషలో రాసి, కింద నన్ను గట్టిగా అద్ది, గోడకు అంటించింది. భోజనానికి వచ్చినవాళ్ళు అది చదువుతారు. కొందరు తలదించుకుని జేబులోంచి ఫోను తీసి చూసుకుంటారు.

ఏటా అదే రోజున ఆమె ఒక గిన్నె అన్నం పెడుతుంది. ఎవరికక్కా అంటే, ఎవరూ లేనివాళ్ళకు అంటుంది. కాగితం కూడా నిలబెడుతుంది. దాని మీద ఏ పేరూ రాయదు.