టేపులో ఎవరి చెయ్యి

అమృత టేప్‌రికార్డర్ మీట నొక్కింది. క్యాసెట్ చక్రాలు తిరగడం పోశయ్యకు కనిపించింది. అంతే. ఏమీ వినిపించలేదు.

రెండేళ్లుగా ఆయన ఎడమ చెవి అసలు పనిచేయడం లేదు. కుడివైపు దగ్గరగా వచ్చి గట్టిగా చెబితేనే మాట అందుతుంది. భార్య సాలమ్మకు కూడా ఆ సంగతి చెప్పలేదు. వారానికి మూడు రోజులు ఏఎస్ రావు నగర్‌లోని ఒక సంగీతం స్కూల్లో డ్రమ్స్ నేర్పుతాడు. పిల్లల మణికట్లు చూసి తప్పులు దిద్దుతూ నెట్టుకొస్తున్నాడు. చెవిటి మాస్టరని తెలిస్తే మర్నాడే రావొద్దంటారని భయం.

అమృత పాత జాజ్ బ్యాండ్ల మీద పుస్తకం రాస్తోంది. డెబ్బైలలో పోశయ్య సికింద్రాబాద్ క్లబ్బుల్లో బ్లూస్, జాజ్ వాయించాడు. ఎవరు పిలిస్తే వాళ్ల రికార్డింగుకు వెళ్లాడు. పేరు మాత్రం ఎక్కడా పడలేదు. ఆరు నెలలు వెతికి, ఆమె నాచారంలోని ఈ రెండు గదుల ఇంటికి వచ్చింది.

"ఈ డ్రమ్స్ సోలో మీదేనా అంకుల్? క్యాసెట్ మీద ఎవరి పేరూ లేదు. బ్యాండులో డ్రమ్మర్లు ఇద్దరట కదా, మీరూ జనార్ధనరావుగారూ?"

పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. వినబడటం లేదంటే ఆ మాటా పుస్తకంలోకి ఎక్కుతుంది. స్కూలువాళ్లు చదువుతారు.

"నాదేనమ్మా," అన్నాడు.

అమృత రాసుకుంది. "ఇప్పుడు ఉప్పల్ వెళ్తున్నా. జనార్ధనరావుగారి భార్య తారామణిగారిని కలవాలి," అని చెప్పి బయలుదేరింది.

ఆమె అటు వెళ్లగానే సాలమ్మ వంటింట్లోంచి వచ్చి ఆయన కుడి చెవి దగ్గర వంగింది.

"గట్ల జెప్పినవేందయ్యా? అది జనార్ధనన్న వాయించింది. నడుమల ఆయన నవ్వు గూడ ఇనవడ్డది."

 వాయిస్తూ వాయిస్తూ నవ్వడం జనార్ధనరావు అలవాటు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఇంకాసేపట్లో తారామణి ఆ నవ్వు వింటుంది. ఇది పోశయ్యదని ఆ అమ్మాయి చెబుతుంది.

"నీకు ఇనవడ్తలేదు గదా?" అంది సాలమ్మ. "నాకెరుకే. నువ్వే జెప్తవని సూస్తున్న."

పోశయ్య చెప్పులు వేసుకున్నాడు. ఈమధ్య మెయిన్ రోడ్డు ఒంటరిగా దాటడమే మానేశాడు. వెనక నుంచి ఏం వస్తోందో తెలియదు. ఇవాళ సగం దాటాక ఒక లారీ చొక్కాను రాసుకుంటూ వెళ్లింది. క్లీనర్ నోరు తెరిచి తిడుతున్నాడని మాత్రం తెలిసింది. అవతలికి చేరి ఉప్పల్ బస్సెక్కాడు.

తారామణి ఇంటి తలుపు తీసే ఉంది. ఆమె టేప్‌రికార్డర్ ముందు నోటిమీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. పక్కన అమృత. చెప్పేసిందా, ఇంకా లేదా? పోశయ్యకు తెలియలేదు.

"అది నాది గాదు!" అని అరిచాడు. ఎంత గట్టిగా అరిచాడో ఆయనకే తెలియదు, పక్కింటివాళ్లు బయటికొచ్చారు. "జనార్ధన్‌ది. నాకు రెండేండ్ల సంది ఇనవడ్తలేదు వదినా. బయటవడ్తదని భయపడి అబద్ధమాడిన."

తారామణి ఏదో అంది. పెదాలు వణుకుతుంటే ఒక్క మాటా అందలేదు. కోపమో, ఏడుపో. పోశయ్య గుమ్మం పట్టుకున్నాడు.

"జర చెవికాడికొచ్చి చెప్పు వదినా."

ఆమె లేచి దగ్గరికి వచ్చింది. "నవ్వు ఇనంగనే గుర్తువట్టిన. ఈ పిల్లకు చెప్పిన గూడ. నువ్వు 'అది నాదే' అన్నవంటే, నీ మతి గిట్ల పోయిందేమోనని భయపడ్డ. కూసో ముందు."

అమృత తను రాసుకున్నది కొట్టేసి, ఆ రికార్డింగు రోజు ఏం జరిగిందని అడిగింది. ప్రశ్న కాగితం మీద రాసి చూపించింది. పోశయ్య చెబుతుంటే తారామణి మధ్యమధ్య సరిదిద్దింది. చెవుల సంగతి రాయనా అని అమృత అడిగితే రాయమన్నాడు.

పుస్తకం వచ్చేదాకా ఆగకుండా తనే స్కూలుకు వెళ్లి చెప్పాడు. వారం తిరక్కుండానే ఆయన స్థానంలో వేరే మాస్టరు వచ్చాడు. ఆ మర్నాడు సాలమ్మ రోడ్డు దాటేటప్పుడు ఆయన చెయ్యి వదలకుండా పట్టుకుని, చెవుల దవాఖానాకు తీసుకెళ్లింది.