చిలకమ్మ కుడిచెయ్యి

చిలకమ్మ ముఖం మీది దుమ్ము దులుపుతున్నాను. రోజూ పొద్దున్నే ఇది నా పని. వన్‌టౌన్‌లో ఓడరేవు వైపు నుంచి వచ్చే గాలి సన్నటి నల్లదుమ్మును మోసుకొస్తుంది. రాత్రంతా కిటికీ మూసి ఉంచినా తెల్లారేసరికి కిటికీ గట్టు మీద వేలితో పేరు రాయొచ్చు. స్పాంజి ముఖాన్ని తడిబట్టతో తుడవకూడదు. అందుకని షరీఫ్ బాబాయ్ తన గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి నాకు ఇచ్చేశాడు. దాంతో ముందు నుదురు, తర్వాత ముక్కు పక్కలు, చివర్న చెవుల వెనక. అదయ్యాక నెరిసిన నూలు జుట్టు చిక్కుతీసి ముడివేస్తాను.

చిలకమ్మ బొమ్మ. చేపలమ్మే ముసలమ్మ. తల మీద గంప, ముక్కుకు రెండు వైపులా నత్తులు, అరచెయ్యంత నోరు. పదకొండేళ్లుగా ఒక లోకల్ ఛానల్‌లో ఆదివారం ఆదివారం పిల్లలకు కబుర్లు చెబుతోంది. బళ్లలోనూ హాళ్లలోనూ స్టేజీ మీద కూడా ఆడుతుంది. ఆమె తలా, గొంతూ రషీదా పిన్నివి. ఆమెను కుట్టింది పిన్ని భర్త షరీఫ్ బాబాయ్, ఈ వీధిలో టైలరు. పెందుర్తి అవతల మా ఊరి నుంచి జాకెట్లు కుట్టడం నేర్చుకోవడానికి వచ్చిన నేను, రెండేళ్ల కిందట చిలకమ్మ కుడిచెయ్యినయ్యాను.

చిలకమ్మకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు కుడిచేతిని తలలో దూర్చి నోరు ఆడిస్తారు, ఎడమచేతిని చిలకమ్మ ఎడమచేతిలో పెడతారు. ఇంకొకరు పక్కన ఆనుకుని నిలబడి కుడిచెయ్యి ఆడిస్తారు. ముందు నల్లగుడ్డ అడ్డం ఉంటుంది. చేతులు పైకెత్తి, ఎదుటి కెమెరా తీసే బొమ్మను కాళ్ల దగ్గర పెట్టుకున్న చిన్న టీవీలో చూసుకుంటూ ఆడాలి. మనం కుడివైపు జరిగితే టీవీలో ఎడమవైపు జరుగుతుంది. అది అలవాటు కావడానికే నాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ తర్వాత నేర్చుకున్నది పిన్ని ఊపిరి. మాటకు ముందు ఆమె ఊపిరి పీల్చుకుంటుంది. కోపమైతే పొట్టిగా, నవ్వైతే పొడుగ్గా. అది వినగానే నా చెయ్యి లేచేది. ఒకే ముసలమ్మ రెండు చేతులూ ఊపుతున్నట్టు ఉండేది. నేను నోరు విప్పాల్సిన అవసరం రాలేదు. నాకది హాయిగా ఉండేది.

ఇప్పుడు పిన్ని భుజం పట్టేసింది. ఆరు నెలల పాటు చెయ్యి భుజం కంటే పైకి ఎత్తొద్దని డాక్టరు చెప్పాడు. వచ్చే ఆదివారం ద్వారకా నగర్‌లో నాలుగు వందల మంది పిల్లల ముందు స్టేజీ ఆట ఉంది. దాన్ని ఏర్పాటు చేస్తున్న ఛానల్ గురునాథరావు గారు, చిలకమ్మ కాకపోతే మేజిక్ ఆయన్ని పెట్టుకుంటానన్నారు. ఈ మధ్యాహ్నం ఆయన వచ్చేసరికి పిన్ని మాట చెప్పాలి. మూడు రోజులుగా తల నా చేతికి, కుడిచెయ్యి పిన్ని కూతురు మెహక్‌కి ఇచ్చి నేర్పుతోంది. బాగా లేకపోతే చిలకమ్మను పెట్టెలో పెట్టి తాళం వేస్తానంది. పిన్ని ఊరికే అనే మనిషి కాదు.

మూడు రోజులూ ఒకటే గొడవ. గంప సర్దుకుని చిలకమ్మ పైకి లేస్తుంది. అంతే, ఆగిపోతుంది.

"ఏటే, ఇద్దరూ ఫొటో దిగుతన్నారేటి?" అంటుంది పిన్ని కుర్చీలోంచి.

"నానేటి సేత్తానమ్మీ? తల కదిలితే కదా సెయ్యి కదిలేది. బిందక్క నాకోసం సూత్తంది," అని మెహక్ నా మీదకు తోస్తుంది.

"నువ్వు దానికోసం సూత్తన్నావు. మద్దెన సిలకమ్మ సచ్చూరుకుంది."

తప్పు నాదే. రెండేళ్లు వెనక నడిచిన చెయ్యి నాది. తల దొరికినా ఇంకా ఎవరి ఊపిరి కోసమో చెవి ఒగ్గి నిలబడుతున్నాను. పిన్ని బాగున్న చేత్తో కుర్చీని టపటపా కొడుతుంది. ఆ చప్పుడు వస్తే ఆపి మళ్లీ మొదటి నుంచి. రెండు నిమిషాలు గడవనివ్వదు.

"నోరిప్పాలంటే బొటనేలు దించే, పై ఏళ్లు ఎత్తకు. ఆకాశంతో మాటాడతన్నాదా అది?"

టప్.

"ఇస్కూల్లో పాటం అప్పచెప్తన్నట్టు ఆ మాటేటి? మీ ఊళ్లో ఇలాగే మాటాడతారేటే?"

టప్.

"ఒగ్గీ. టీ తాగి రాండి."

మా ఊళ్లో అలా మాట్లాడరు. కానీ బళ్లో మాస్టారు మా మాటలు సరిదిద్ది సరిదిద్ది, నలుగురి ముందు నోరు తెరిస్తే పుస్తకం మాటే వచ్చేలా చేశారు. చిలకమ్మకు ఆ మాట అతకదు.

మధ్యాహ్నం గురునాథరావు గారు వచ్చారు. బాబాయ్ మిషను పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నల్లగుడ్డ నేలకు జానెడు ఎత్తున ఆగిపోతుంది. ఆ సందులోంచి నాకు గురునాథరావు గారి బూట్లు, బాబాయ్ మిషను తొక్కే కాళ్లు, కుర్చీ దగ్గర పిన్ని పాదాలు కనిపిస్తున్నాయి.

"మన సిలకమ్మ ఆడతాదా, నేదా రషీదమ్మా? అవతల మేజిక్ ఆయన పోన్ల మీద పోన్లు."

"సూసి సెప్తాను, కూకోండి," అంది పిన్ని.

చిలకమ్మ లేచింది. యారాడ నుంచి చేపలు తెస్తుంటే బస్సులో పీత గంప దాటిన కబురు చెప్పాలి. గంప సర్దుకుంది. అంతే. టీవీలో చిలకమ్మ నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయింది. నేను మెహక్ ఊపిరి వింటున్నాను. మెహక్ నా ఊపిరి వింటోంది. మిషను చప్పుడు ఆగిపోయింది. పిన్ని కుర్చీని కొట్టలేదు. కొట్టినా బాగుండేది.

మెహక్‌కి ఓపిక తక్కువ. టీవీలో చిలకమ్మ కుడిచెయ్యి మెల్లగా లేచింది. నింపాదిగా వేలు తీసుకెళ్లి చిలకమ్మ ముక్కులో పెట్టింది.

రోజూ నేను బ్రష్షుతో దులిపే ముక్కు అది! నాకు ఒళ్లు మండిపోయింది. చిలకమ్మ తల గిర్రున తిరిగి ఆ చేతిని చూసింది.

"ఎవుల్దే ఈ సెయ్యి?"

ఆ గొంతు నాదేనని నాకు వెంటనే తెలియలేదు. మా ఊళ్లో బోరింగు దగ్గర బిందె జరిపిన వాళ్లను అడిగే గొంతు. చెయ్యి ఉలిక్కిపడి చిలకమ్మ వీపు వెనక దాక్కుంది.

"దాక్కుంటే అవుపడవనుకున్నావేటి? రా ఇటు. పదకొండేళ్లు తిండెట్టి పెంచినాను నిన్ను!"

చెయ్యి వచ్చింది. చిలకమ్మ నోటిని చూపించింది, తర్వాత తనను తాను చూపించుకుంది.

"ఓలమ్మో! నువ్వు నాకు పెట్టినావా?" చిలకమ్మ ఆలోచించింది. "అదీ నిజిమే అనుకో. ముద్ద నోట్లోకి ఎట్టింది నువ్వే. మరైతే ఆ ఏలు ముక్కులోకెందుకెల్లిపోనాది? దారి తప్పినావేటి?"

బాబాయ్ పక్కున నవ్వాడు. గురునాథరావు గారి బూట్లు నేల మీద తాళం వేశాయి. పక్కన మెహక్ నవ్వు ఆపుకోలేక వణుకుతుంటే చిలకమ్మ భుజం కూడా వణికింది.

"నీకు నవ్వులాటగుందేటే? ఆ యేల బస్సులో పీత కరిసినపుడు ఎవులు ఏడిసినారు? నువ్వా, నానా?"

ఇక చెయ్యి గబగబా గంపలో దూరింది, పీతకు చిక్కింది, విలవిల్లాడింది. చిలకమ్మ కండక్టరును పిలిచింది, డ్రైవరును తిట్టింది, పీతకు టికెట్టు కొట్టమంది. ఏది ముందు అనుకున్నానో, ఏది అప్పటికప్పుడు వచ్చిందో నాకు తెలియదు. నేను ఊపిరి పీలిస్తే చెయ్యి లేస్తోంది. ఆ సంగతి గమనించేసరికి కబురు సగం దాటిపోయింది. చెయ్యి ఎత్తి ఎత్తి నా భుజం లాగుతోంది. ఆ నొప్పి కూడా నాకు సంబరంగానే ఉంది.

కుర్చీ చప్పుడు కోసం చూస్తూనే ఉన్నాను. రాలేదు.

గుడ్డ కింద సందులో పిన్ని పాదాలు కదిలాయి. లేచి నిలబడ్డాయి. గోడ వైపు వెళ్లాయి. కొక్కేనికి ఉన్న బురఖా తీస్తున్న సరసర వినిపించింది. ఆ పాదాలు వచ్చి గురునాథరావు గారి బూట్ల పక్కన ఆగాయి.

"మరేటి సెప్పమంటారు రషీదమ్మా?"

పిన్ని మాట వినబడలేదు. ఏ సైగ చేసిందో నాకు కనబడలేదు. గురునాథరావు గారు ఫోనులో మాట్లాడడం మాత్రం వినిపించింది.

"బాబూ, ఆ మేజిక్ ఆయన్ని వచ్చే నెల రమ్మను. ఈ ఆదివారం మనకి సిలకమ్మే. ఆఁ, సిలకమ్మే. ఇక్కడ నవ్వుతన్నది మన షరీఫులే, నువ్వు రాసుకో."

మెహక్ మోచేత్తో నా డొక్కలో పొడిచింది. చిలకమ్మ ఎగిరిపడింది. పిన్ని పాదాలు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్నాయి. ఈ పదకొండేళ్లలో చిలకమ్మ మాట్లాడుతుండగా పిన్ని ఆ గది దాటి ఎరగదని బాబాయ్ తర్వాత చెప్పాడు. అప్పుడు నాకది తెలియదు. చిలకమ్మకు మాత్రం కోపం వచ్చింది.

"ఏటే రషీదా! పీత ఇంకా బస్సు దిగనేదు, సెప్పకుండా ఎక్కడికెల్తన్నావు?"

పాదాలు ఒక్క క్షణం ఆగాయి. తర్వాత ఎడమ చెప్పు, కుడి చెప్పు తొడుక్కుని, గడప దాటి, మెట్లు దిగి, ఎండలోకి వెళ్లిపోయాయి.