ముట్టుకోరాని గోడలు

"చూసి నేర్చుకునే పిల్లలకు చూడ్డానికి ఏదైనా ఉండాలి" అని శిక్షణలో ఎవరో అన్న మాట హెడ్మాస్టరుగారి చెవిన పడింది. పడిందే తడవు, నాలుగో తరగతి గోడల మీద విరుచుకుపడ్డారు. పండ్లు, పక్షులు, ఎముకలు, గ్రహాలు! ఆఖరికి ఫ్యాను రెక్కలకు కూడా ఎక్కాలు అంటించారు. ప్రతి చార్టు కిందా ఒకే హెచ్చరిక: ముట్టుకోరాదు.

క్లాసు టీచరమ్మ నెత్తి బాదుకుంది. ఆ క్లాసులో బొంగరం అని ఓ పిల్ల ఉంది. కుదురుగా కూర్చోవడమన్నది దాని ఒంట్లోనే లేదు. నోటితో చెప్పిన లెక్కను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది. బొమ్మ గీసుకోనిస్తే మాత్రం ఇట్టే చేసేస్తుంది. అందుకే దాన్ని ఖాళీ గోడ పక్కన కూర్చోబెట్టి, చేతికో సుద్దముక్క ఇచ్చింది టీచరమ్మ. ఇప్పుడా గోడ మీద జీర్ణకోశం చార్టు వేలాడుతోంది. పిల్ల చూపు పేగుల వెంట బయల్దేరి గ్రహాల దాకా పోతోంది, మళ్లీ వెనక్కి రావడం లేదు.

"సార్, ఆ ఒక్క గోడ వదిలెయ్యండి," అని బతిమాలింది టీచరమ్మ.

"ఇదంతా దానికోసమేనమ్మా! రేపు ఇన్‌స్పెక్టరుగారి ముందు జవాబు చెప్పలేదా, వేరే బడికి పంపేద్దాం. మనం చెయ్యాల్సింది చేశాం," అన్నారాయన.

చేశారు మహానుభావుడు!

మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు గోడలు చూసి మురిసి ముక్కలయ్యారు. "ఏమ్మా, నాలుగింట మూడు వంతులు పెద్దవా, మూడింట రెండు వంతులా?" అని సరిగ్గా బొంగరాన్నే అడిగారు. పిల్ల తల ఫ్యానుతో పాటు తిరుగుతోంది. హెడ్మాస్టరుగారు "నేను చెప్పలా?" అన్నట్టు నిట్టూర్చారు.

టీచరమ్మకు ఒళ్లు మండింది. జీర్ణకోశాన్ని పర్రున పీకి, తిరగేసి నేల మీద పరిచింది. వెనక తెల్లగా, హాయిగా ఉంది.

"గియ్యవే తల్లీ," అని స్కెచ్ పెన్ను చేతిలో పెట్టింది.

బొంగరం బోర్లా పడుకుని ఒకే పొడుగున రెండు పట్టీలు గీసింది. ఒకదాన్ని నాలుగు ముక్కలు చేసింది, రెండోదాన్ని మూడు. రెండింట్లోనూ ఒక్కో ముక్క వదిలేసి తక్కినవి నింపింది.

"దీంట్లో మిగిలింది చిన్న ముక్క సార్. అంటే ఇదే పెద్దది. నాలుగింట మూడు!"

ఇన్‌స్పెక్టరుగారు చప్పట్లు కొట్టారు. పిల్లను ఎక్కడికీ పంపనక్కర్లేదని తేలిపోయింది. టీచరమ్మ కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం హెడ్మాస్టరుగారు మేకు, సుత్తి పట్టుకుని దిగారు. బొంగరం బొమ్మకు ఫ్రేము కట్టించి, కింద "ముట్టుకోరాదు" అని కూడా రాయించారు. ఖాళీ అయిన ఆ ఒక్క గోడకే మేకు గురిపెట్టారు.

"పిల్లలందరూ దీన్ని చూసి నేర్చుకుంటారమ్మా!"

టీచరమ్మ గోడకు అడ్డంగా నిలబడింది.

"మీ గదిలో తగిలించండి సార్. చూసి నేర్చుకోవాల్సినవాళ్లు అక్కడ కూర్చుంటారు."