తేనెపెట్టెల తీగ మీద దుప్పట్లు

వకేషోకి తేనెటీగంటే చచ్చేంత భయం. అదేమీ ఆవిడ దాచుకున్న సంగతి కాదు. సగల్లా కొండ కింద, దిక్కులేని పిల్లల కోసం కట్టిన ఈ ఊరికి, జీతం లేకుండా సాయం చేస్తానని వచ్చిన రోజే చెప్పేసింది. "వంట చేస్తాను, గుడ్డలు ఉతుకుతాను, పిల్లల ముక్కులు తుడుస్తాను. ఆ పెట్టెల దగ్గరికి మాత్రం నన్ను పంపకండి బాబూ!"

పక్కింటి పిల్లలకు అమ్మగా ఉండే ఘోయి పగలబడి నవ్వింది. "ఏనుగులే తోక ముడిచి పారిపోతాయి వాటికి. నువ్వెంత, నీ కొండ పౌరుషమెంత!"

ఆ పెట్టెలున్నది ఏనుగుల కోసమే. పురుగుమందు వాసన సోకని తోట అది. మొక్కజొన్న పాలు పట్టిందంటే చాలు, గుంపు గుంపంతా దిగుతుంది. అందుకని తోట చుట్టూ గుంజలు పాతి, గుంజకీ గుంజకీ మధ్య పెట్టె వేలాడదీసి, అన్నిటినీ కలుపుతూ ఒకటే తీగ లాగారు. ఏనుగు వచ్చి తీగను నెట్టిందా, పెట్టెలు ఊగుతాయి, ఈగలు లేస్తాయి. అన్నిట్లోనూ ఈగలుండవు. మధ్య మధ్య ఉత్త చెక్క పలకలు కూడా కట్టారు, ఏనుగుని మోసం చెయ్యడానికి. వకేషో ఇంటి వెనకున్నవి అన్నీ ఉత్త పలకలే. మూల తిరిగాక గాని అసలు పెట్టె రాదు.

ఆవిడ కొంప ముంచింది ఆ ధైర్యమే.

ఆవిడకి అప్పగించిన ఇంట్లో ఉన్నవాళ్ళంతా పసివాళ్ళు. తెల్లారేసరికి పక్కలన్నీ తడి. వారం పట్టిన ముసురు ఆ రోజే విడిచింది. గుట్టగా పడున్న దుప్పట్లన్నీ ఉతికి పడేసింది గాని, దండెం నిండిపోయింది. ఏం చెయ్యాలి మరి? వుండాన్యి కొండల్లో పుట్టిపెరిగిన మనిషి. అక్కడ బడి కంచె, ఆసుపత్రి కంచె అని లేదు, తీగ కనబడితే బట్టలారేస్తారు. తీగ ముట్టుకోవద్దని మ్వాదిమే మొదటి రోజే చెప్పాడు, నిజమే. తోట చూసేదీ, ఈగల్ని చూసేదీ ఆయనే. కానీ ఈగల్లేని చోట ముట్టుకుంటే ఏమవుతుందిలే అనుకుంది. నీళ్ళోడుతున్న దుప్పట్లని వరసగా పలకల మధ్య ఆరేసి, చేతులు దులుపుకుని, చిక్కుడుకాయలు కోసుకోవడానికి వెళ్ళిపోయింది.

తీగ ఒకటేనన్న సంగతి ఆవిడ బుర్రకి తట్టలేదు. ఇంతలో గాలి లేచింది. దుప్పట్లు తెరచాపల్లా ఉబ్బాయి. మూల అవతల అసలు పెట్టె గుంజకి గుద్దుకుంది. మళ్ళీ గుద్దుకుంది.

"ఈగలు లేచాయి! లోపలికి పదండర్రా! పరిగెత్తకండి, నడవండి!" ఘోయి అరుపు.

పిల్లలు అలవాటైనవాళ్ళు. నోళ్ళు మూసుకుని, తలలు వంచుకుని గబగబా ఇళ్ళలోకి చేరారు. వకేషో చిక్కుడు బుట్ట అక్కడే పారేసి, గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి తలా తడిమింది. కిడావా లేదు.

పిల్లలందరిలోకీ ఆ పిల్లే! నిరుడు ఒక్క ఈగ, ఒకే ఒక్క ఈగ కుట్టినందుకు గొంతు వాచి, ఊపిరాడక, వోయి పట్నం ఆసుపత్రిలో చావు తప్పించుకుని వచ్చింది. ఇంకోసారి కుడితే మా చేతుల్లో లేదన్నారు డాక్టర్లు. ఉన్న ఒక్క బండీ పొద్దున్నే కూరగాయలేసుకుని సంతకి పోయింది.

"కిడావా!"

"ఇక్కడున్నానమ్మా! ఇల్లు కట్టుకున్నాను!"

గొంతు దుప్పట్ల లోంచి వచ్చింది. తీగకి అటూ ఇటూ వేలాడే దుప్పటి మడతల మధ్య, నేల మీద, ఎండ తగలక చల్లగా ఉందని కూర్చుని ఆడుకుంటోంది. మూల తిరిగి వచ్చిన ఈగలతో ఆ దుప్పట్ల చుట్టూ గాలి నల్లబడి, రొదపెడుతోంది.

"కదలకు! నా తల్లివి కదూ, బయటికి రాకు!"

సిగ్గు విడిచి చెప్పాలంటే, వకేషోకి తలుపు వేసేసుకుందామని కూడా అనిపించింది ఒక్క క్షణం. తరవాత నడుముకున్న లేసో గుడ్డ విప్పి తల మీద కప్పుకుంది, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. మెడ మీద కుట్టాయి. కనురెప్ప మీద కుట్టింది. అరిస్తే పిల్ల బయటికొస్తుందని పెదవి కొరుక్కుంది. దుప్పటి లాగి తీగని కదపకుండా, నేల మీద పాకుతూ లోపలికి దూరింది.

పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, లేసోని నెత్తి నుంచి కాళ్ళదాకా చుట్టేసింది. ముఖం దగ్గర మాత్రం ఊపిరికి సందు వదిలింది.

"ఎవరమ్మా వీటిని ఇక్కడ ఆరేసింది?" కిడావా గుసగుసగా అడిగింది. "మ్వాదిమే మామ తంతాడు."

"నేనేనే."

"అయ్యో! నీకు తెలీదా? తీగంతా ఒకటే కదా!"

"ఇప్పుడు తెలిసింది. నోరు ముయ్యి."

వకేషోతో పాటు ఈగలు కొన్ని లోపలికొచ్చాయి. ఒకటి లేసో మీద వాలి, మెల్లగా ఆ సందు వైపు పాకింది. దులిపితే రేగుతుంది. ఊదితే ముఖం మీదికే పోతుంది. వకేషో చూసి చూసి, కుడి చెయ్యి చాచి, దాన్ని గుప్పిట్లో పట్టేసుకుంది. అరచేతిలో నిప్పు పెట్టినట్టయింది. ఇంకోటి పాకింది. దాన్నీ పట్టింది. దేవుడా, దేవుడా అని లోపల్లోపలే ఏడుస్తూ, ఎదురుగా వచ్చినదాన్నల్లా పట్టి పిడికిలి బిగించింది.

"ఏడుస్తున్నావా అమ్మా?"

"లేదే. చెమట."

మ్వాదిమే వచ్చేసరికి ఆవిడకి ఒక కన్ను మూతపడిపోయింది. ఎండిన ఏనుగు లద్దె రాజేసి, పొగడబ్బా ఊదుకుంటూ వచ్చాడాయన. తిట్టలేదు. "పొగ దట్టంగా వచ్చాక, నేల కరుచుకుని బయటికి రా. పిల్ల ముఖం నీ గుండెకి ఆనించుకో," అన్నాడంతే. పొగకి రొద సన్నగిల్లింది. వకేషో ఒంటి చేత్తో పిల్లని ఎత్తుకుని, దగ్గుతూ, మోకాళ్ళ మీద పాకుతూ గుమ్మం దాటింది. ఘోయి తలుపు వేసేసి, కిడావాని కిటికీ వెలుగులో నిలబెట్టి, జుట్టు పాయలు తీసి మరీ వెతికింది. ఒక్క పోటు కూడా లేదు.

"బతికించావు తల్లీ," అని ఘోయి వకేషో వైపు తిరిగింది. ముఖం గుర్తుపట్టేలా లేదు. "ఏదీ, ఆ చెయ్యి విప్పు. ముళ్ళు తియ్యాలి."

వకేషో విప్పలేదు.

"విప్పవే! వాచిపోతోంది!"

పట్టుకుని లాగినా పిడికిలి రాలేదు. కిడావా దగ్గరికొచ్చి ఆ వేళ్ళ మీద చెయ్యి వేసింది. "నేను విప్పుతానమ్మా. అవి చచ్చిపోయుంటాయిలే."

"దాన్ని తీసుకుపో!" వకేషో గోడ దాకా జరిగిపోయి, కేక పెట్టింది. "ఘోయక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను, దాన్ని అవతలి గదిలో పెట్టి తలుపెయ్యి!"

కిడావా మూతి ముడుచుకుంది. ఘోయి పిల్లని అవతల పెట్టి, గడియ వేసి వచ్చింది.

"వేశావా?"

"వేశాను."

"కింద సందులో గుడ్డ కుక్కావా?"

ఘోయి మళ్ళీ వెళ్ళి గుడ్డ కుక్కి వచ్చింది. అప్పుడు వకేషో పిడికిలి విప్పింది. ఈగలన్నీ నలిగి, అరచేతికి అంటుకుపోయి ఉన్నాయి. ఒక్కటి మాత్రం ఇంకా కాళ్ళాడిస్తోంది.