‘గృహప్రవేశం’ చీటీ కింద ఎనిమిదో గేటు

నేను ఒక వీడియో క్యాసెట్టును. నాలో ఏముందో బయటపడిన ఉదయం ఆ గదిలో ఎవరెవరు, ఏ వరుసలో ఆసీనులై ఉన్నారో ముందుగా మనవి చేయడం మర్యాద. టీవీకి ఎదురుగా పడక కుర్చీలో గృహయజమాని, నీటిపారుదల శాఖ విశ్రాంత ఇంజనీరు కోదండపాణి గారు. ఆయన కుడివైపున చెల్లెలు హైమవతి. వారి వెనుక, వంటింటి గుమ్మం పక్కన, పీట మీద ఆయన భార్య వకుళమ్మ. నేల మీద, తాను వెంట తెచ్చిన వీసీఆర్ ముందు, పాత క్యాసెట్లను కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చే దుకాణదారు కరీముల్లా. అందరికంటే చివర వచ్చినది నేను, బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి.

నా పుట్టుకను తక్కువగా చెప్పుకోవలసిన అవసరం నాకు లేదు. పావు కిలోమీటరు పొడవున్న నల్లని నాడా, దానికి అద్దిన ఇనుప పూత, రెండు చక్రాలు, ఒక బిగువైన పెట్టె. రాజమహేంద్రవరంలో ఈ ఇల్లు కట్టిన ఏడు కోదండపాణి గారు నన్ను కొన్నారు. గృహప్రవేశానికి సాక్షాత్తూ మంత్రిగారే వచ్చారు. ఆ వైభవం చెరగకూడదని నా వీపున ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును ఆయన స్వయంగా విరిచివేశారు. అది విరిగిన క్యాసెట్టు మీద మరొకటి ఎక్కదు. ఎర్ర సిరాతో నా ముఖాన ‘గృహప్రవేశం’ అని వ్రాసి భద్రపరిచారు. ఆ తరువాత నన్ను చూసినది రెండు మూడు సార్లే. మనుషులు తాము చూడని వాటికే గట్టి కాపలా పెడతారు.

ఇప్పుడు ఆయనకు ఎనభై నిండబోతున్నవి. వేడుకకు వచ్చే బంధువులకు మంత్రిగారిని చూపాలని ఆయన పట్టుదల.

హైమవతి సంగతి వేరు. ఒకప్పుడు ఆమె ‘ఎనిమిదో గేటు’ అనే టీవీ ధారావాహికలో నటించింది. ఆనకట్టకు ఏడు గేట్లే కట్టి ఎనిమిదింటికి బిల్లు పెట్టిన కుట్ర అది. దానిని నడిపించే అజ్ఞాత వ్యక్తిని అందరూ ‘పెద్దాయన’ అనేవారు. ఆ పెద్దాయన ఎవరో పదమూడో వారం, ఆఖరి భాగంలో తేలింది. అయితే ఆ సాయంత్రం భాగం నడుస్తుండగానే కోస్తా అంతటా కరెంటు పోయింది; చూసిన కొద్దిమందికీ ఇప్పుడు గుర్తు లేదు. తీసిన సంస్థ మూతపడింది, దాని టేపులు వేరే పనులకు వాడుకొని చెరిపివేశారు. ఇన్నేళ్లకు హైదరాబాదులో కొందరు యువకులు ఆ ధారావాహికను వెదికి, పన్నెండు భాగాలు సంపాదించి, వచ్చే ఆదివారం సభ పెట్టుకున్నారు. ఆఖరి భాగంలో పెద్దాయన తానేనని హైమవతి వారికి చెప్పింది. వారు ఎంతో వినయంగా ఆధారం అడిగారు.

“వెళ్ళి ఏం చెబుతావు హైమా?” అన్నారు కోదండపాణి గారు. “టైపిస్టు వేషం. వచ్చి కాగితాలు అందించి పోయేదానివి.”

“పన్నెండు వారాలు అందించాను అన్నయ్యా. పదమూడో వారం అందరినీ ముంచాను.”

“ఆ మాట నువ్వు తప్ప ఇంకెవరూ అనరేం?”

ఈ ఇంట్లో ఆమె ఆ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నవ్వడం నేను బీరువాలోంచి విన్నాను.

“కాఫీ చల్లారిపోతోందండీ,” అంది వకుళమ్మ.

కరీముల్లా నన్ను లోపలికి తోశాడు. తెర మీద ఆవు గుమ్మంలో మొరాయించింది. పురోహితుడు చెమట తుడుచుకున్నాడు. పచ్చని పట్టుచీరలో, నిండు వయసులో ఉన్న వకుళమ్మ పొయ్యి ముందు కూర్చుని పాలగిన్నె వైపు చూస్తూ ఎవరితోనో ఏదో అని నవ్వింది.

“పాలు పొంగగానే మంత్రిగారు కారు దిగుతారు. చూడవయ్యా,” అన్నారు కోదండపాణి గారు.

పాలు అంచుదాకా వచ్చాయి. తెర మీద జల్లు పడినట్లు గీతలు పరుగెత్తాయి. ఆనకట్ట సైరను గది అదిరేలా మోగింది. కోదండపాణి గారి చేతిలో కప్పు సాసరులోకి ఒరిగింది.

తెర మీద ఒక ఆఫీసు గది. టైపు చేస్తున్న యువతి ఆగి, కళ్ళజోడు తీసి, ఫోను అందుకుంది.

“పెద్దాయన్నే మాట్లాడుతున్నాను. గేటు ఎత్తండి. ఇంజనీరు లోపలే ఉన్నాడా? తెలుసు. ఎత్తండి.”

ఆమె మళ్ళీ టైపు చేయసాగింది. నీటి హోరు. తెర నల్లబడింది.

గదిలో ఎవరూ కదలలేదు. లోపల మోసినదానిని నేనే అయినా, నేను సైతం నిశ్చేష్టనైనాను.

“మంత్రిగారేరీ?” అన్నారు కోదండపాణి గారు, చాలా మెల్లగా.

కరీముల్లా నన్ను ముందుకు పరుగెత్తించాడు. “ఇదే కాస్త సాగి మధ్యలో తెగింది, ఆపైన చివర్లో భోజనాలున్నాయి సార్. మంత్రిగారు లేరు.”

“వదినా,” అంది హైమవతి తల తిప్పకుండానే, “ఆ రోజు ఫోను చేసి రికార్డు చెయ్యమని అడిగితే, కరెంటు పోయింది, రాలేదన్నావు.”

“పోయింది హైమా, కాని ఈ ముక్క ఎక్కాక పోయినట్టుంది. మేమంతా రిసెప్షనుకు పోతున్నాం. ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. వీపు చిల్లుకి ప్లాస్టరు అంటించి, ఎక్కడ ఆగి ఉంటే అక్కణ్ణించే నొక్కేసి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి వీధంతా చీకటి. అటు నీదీ ఎక్కలేదు, ఇటు ఇదీ పోయిందనుకున్నాను. మీ అన్నయ్యకు తెలిస్తే ఊరుకుంటారా? దాన్ని చీరల కిందికి తోసేశాను. వీసీఆర్ కూడా పాడైపోయింది, బతికిపోయాననుకున్నా.”

కోదండపాణి గారు కప్పు కింద పెట్టారు. తరువాత కరీముల్లాతో, “ఆ ఫోను ముక్క మళ్ళీ వెయ్యి,” అన్నారు. చూశారు. ఇంకోసారి వేయించుకొని చూశారు.

“నువ్వేనటే?”

“నేనే అన్నయ్యా.”

“ఇన్నేళ్లూ ఆ కాంట్రాక్టరు అనుకున్నాను. ఏమాత్రం అనుమానం రానివ్వలేదు గదే. ఆదివారం టిక్కెట్లు మూడు తీయించు.”

“మూడు ఎందుకూ?”

“మీ వదిన రాదా?”

హైమవతి అప్పటికే వెనుకకు తిరిగింది. “వదినా, పాల దగ్గరున్నది నువ్వే. ఆ తరవాత నువ్వున్నదంతా నా కింద పోయింది.”

“పోతే పోయిందిలే,” అంది వకుళమ్మ కప్పులు ఎత్తుతూ. “చీర ఉందిగా.”

కనుక నేను ఇందుమూలంగా నమోదు చేయుచున్నది ఏమనగా: శ్రీమతి వకుళమ్మ గారు నవ్వుతూ, మాట్లాడుతూ, కదులుతూ కనిపించే చిత్రం ఈ ప్రపంచంలో నా నాడా మీద తప్ప మరెక్కడా లేదు. ఆడపడుచు ఫోనులో కోరిన ఒక్క కోరికకు ఆమె దానిలో చాలా భాగాన్ని తన చేతులారా ఇచ్చివేశారు. ఇచ్చినట్లు ఎవరికీ చెప్పుకోలేదు. ఆ కార్యానికి ప్రత్యక్ష సాక్షినై, దానిని సగౌరవంగా, కృతజ్ఞతాపూర్వకంగా అంగీకరిస్తున్నాను.